ముల్లు నిలబడిందా?

మోవాలా దీవి,
జులై.

మరదలు ఉనైసికి తరైవిని రాయించునది.

ఈ ఉత్తరం మీద నీ పేరుంది గానీ ఇది నీకు కాదని నీకూ తెలుసు. నీ మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని గట్టిగా చదువు. ఒక కడుపున పుట్టిన ఆడపిల్లా మగపిల్లాడూ ఎదిగాక ఒకరితో ఒకరు మాట్లాడకూడదని మన పెద్దలు కట్టుబాటు పెట్టారు. తమ్ముడి పెళ్లాన్ని తిట్టకూడదని మాత్రం ఎవరూ పెట్టలేదు. కనుక ఇందులో నీకు తగిలేవన్నీ ఎమోసికి చేర్చు. ఒకటీ అరా నీకోసమే ఉంటాయి. అవేవో నువ్వే ఏరుకో.

రాస్తున్నది మా ఊరి నర్సు వసేవా. నాకు అక్షరం రాదని తన సొంత మాటలు కలపకూడదని ముందే చెప్పాను.

నా ఫిర్యాదు ఇదీ. మా ఆయన పోతూ నా చేతికి వదిలింది ఒక్క లోలోమా పడవను. ఊరు మొత్తానికి మోటారున్న పడవ అదొక్కటే. కొబ్బరి మోసినా, పెళ్లివారిని మోసినా, శవాన్ని మోసినా అదే. దాని ఇంజను ముసలిదైపోతే విప్పించి, ఓడకెక్కించి, వాలు బేలో మీ షెడ్డుకు పంపాను. సువాలో ఇంజన్లు బాగుచేసేవాళ్లకు కరువా? అయినా నా తమ్ముడికే పంపాను. నట్టు నట్టూ విప్పి మళ్లీ కొత్తదాన్ని చేస్తానన్నాడు. నా కొడుకు సాకియుసా వెళ్లి తీసుకొచ్చాడు. ఆకుపచ్చ రంగు వేసి, పెళ్లికూతురిలా ఉంది. పాస్టరుగారు ప్రార్థన చేశారు. యంగోనా వేరు నూరి నీళ్లలో కలిపి తాగాం. నేలపొయ్యిలో పందిని కాల్చాం.

మొదటి ప్రయాణానికే నా పరువు పోయింది. నొప్పులు పడుతున్న పిల్లను దీవికి అవతలి పక్క ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం. నేనున్నాను, వసేవా ఉంది. బయలుదేరినప్పుడు ఆయిలు ప్రెషరు గేజిలో ముల్లు నిటారుగా ఉంది. పగడపు దిబ్బ సందులోకి వచ్చేసరికి ఇంజను బాగా వేడెక్కింది. అల దాటిపోనివ్వడానికి సాకియుసా వేగం తగ్గించాడు. అంతే, ముల్లు పడుకుంది.

“అమ్మా, ఆపేస్తున్నా,” అన్నాడు.

“ఇక్కడ ఆపుతావేంట్రా? అల దిబ్బ మీదికి విసిరేస్తుంది!”

“ఆపకపోతే ఇంజను బిగుసుకుపోతుందే!”

ఆపేశాడు. మగవాళ్లు తెడ్లు పట్టారు. నేను నీళ్లు తోడాను. ఆ పిల్ల నా మోకాలు పట్టుకుని అరిచిన అరుపు ఇంకా చెవుల్లో ఉంది. ఎలాగో వెనక్కి తిప్పి ఒడ్డుకు చేర్చారు. బిడ్డ ఇసుకలో పుట్టాడు, బతికాడు. అది దేవుడి పని, వసేవా పని. నీ మొగుడి పని మాత్రం కాదు.

వచ్చే ఓడలో వాణ్ణి స్పానర్లు తీసుకుని రమ్మను. తుఫాను నెలలు రాకముందే ఇది తేలాలి. రాలేనంటే, తనకు ఇంజనుకు రంగు వెయ్యడం ఒక్కటే వచ్చని ఒప్పుకోమను.

నువ్వు ఇంకా చేమదుంపలు మాడుస్తూనే ఉన్నావా?

తరైవిని

(పెద్దమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. అది నేను రాయలేదు. – వసేవా)

*

వాలు బే, సువా.
ఆగస్టు.

వదినకు ఉనైసి నమస్కారాలు.

నీ ఉత్తరం గట్టిగానే చదివాను. పక్క షెడ్డువాళ్లు సుత్తులు ఆపి మరీ విన్నారు. నీ నోరు మోవాలా నుంచి ఇక్కడిదాకా వినిపించేటప్పుడు మధ్యన ఆ పాపం వసేవా చెయ్యి నొప్పి ఎందుకు? చేమదుంపలు మాడుతూనే ఉన్నాయి. నీ తమ్ముడు మాడినవే తింటానని పెళ్లినాడే ఒప్పుకున్నాడు.

ఆయన నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. ఇప్పట్లో రావడానికి వీలుపడదు వదినా, షెడ్డు నిండా పని ఉంది. అందుకని చెయ్యాల్సినవి చెప్పాడు, చెప్పినట్టే రాస్తున్నాను.

“అక్కకు చెప్పు. ముందు ముల్లును అనుమానించాలి, ఆ తర్వాత ఇంజనును. గేజి కూడా అబద్ధం చెబుతుంది. చర్చి లైట్ల ఇంజనుకున్న గేజి విప్పి దీనికి బిగించి చూడమను. రెండూ ఒకే మాట చెబితే అప్పుడు నమ్ముదాం. తర్వాత ఆయిలు. వేళ్ల మధ్య రాసి చూడమను, వాసన చూడమను. డీజిలు కలిసిందంటే పలచబడి, వేడికి నీళ్లయిపోతుంది. అదీ కాకపోతే, పంపు పక్కన చిన్న మూత కింద ఒక స్ప్రింగు, ఒక గోళీ ఉంటాయి. ఎక్కువైన ఆయిలును వెనక్కి వదిలే దారి అది. అక్కడ ఇసుక రేణువు ఇరుక్కుంటే చాలు, దారి మూసుకోదు, ప్రెషరు నిలవదు. విప్పి కిరసనాయిలుతో కడగమను. అన్నీ అయ్యాక కూడా పడుకుంటే, వేడెక్కాక కింద నుంచి ఏ చప్పుడు వస్తోందో అక్కనే చెవి పెట్టి వినమను. సాకియుసాను కాదు. అక్క చెవి నాకు తెలుసు.”

కింద క్రాంకు అనే ఇరుసును పట్టి ఉంచే బేరింగులు మాత్రం కొత్తవి కనుక వాటి మీద అనుమానం అక్కర్లేదన్నాడు.

ఇంత గొడవ ఎందుకని అడిగాను. ఇనుమూ ఇనుమూ నేరుగా తాకితే రెండూ పాడవుతాయట, మధ్యన ఆయిలు పొర ఉంటేనే తిరుగుతాయట. “అంటే మీ అక్కాతమ్ముళ్ల మధ్య నేనున్నట్టా?” అన్నాను. “నువ్వు కాస్త చిక్కటి ఆయిలువి,” అన్నాడు. విన్నావా, నాకు మీ ఇంట్లో దక్కిన గౌరవం!

ఇదంతా తేలేదాకా లోలోమా దిబ్బ దాటకూడదని మళ్లీ మళ్లీ చెప్పాడు. నువ్వు అసలు ఎక్కకూడదట. ఎందుకో ఆ మాట మీదే ఉన్నాడు.

నీ మరదలు
ఉనైసి

*

మోవాలా,
సెప్టెంబరు.

చిక్కటి ఆయిలుకు,

నీ మొగుడు చెప్పినవన్నీ చేయించాను. విను, వాడికి వినిపించు.

చర్చి గేజి కోసం పాస్టరుగారితో నాకు తగువైంది. “ఆదివారం సాయంత్రం ఆరాధన చీకట్లో చెయ్యమంటావా తల్లీ?” అన్నాడు. “మీకు పాటలన్నీ నోటికి వచ్చు, దేవుడికి కళ్లు కనిపిస్తాయి, ఇంకా లైట్లు ఎవరికండీ?” అన్నాను. ఇచ్చాడు. బిగించాం. అదీ అదే మాట చెప్పింది. ఇంజను చల్లగా ఉన్నంతసేపు ముల్లు చర్చిలో పెద్దమనిషిలా నిటారుగా ఉంటుంది. వేడెక్కాక, నెమ్మదిగా తిరిగేటప్పుడు, ప్రసంగం మధ్యలో పెద్దమనిషిలాగే వాలిపోతుంది. వేగం పెంచితే ఉలిక్కిపడి కొంచెం లేస్తుంది.

ఆయిలు నేనే వేళ్ల మధ్య రాసి చూశాను. చిక్కగానే ఉంది, డీజిలు వాసన లేదు. స్ప్రింగు విప్పించాను. గోళీ మీద గీత లేదు, కింద ఇసుక లేదు. అయినా కడిగించాను.

ఆ తర్వాత చెవి పెట్టాను. ఒడ్డున కట్టేసి, ఇంజను వేడెక్కేదాకా తిప్పించి, అందరినీ నోళ్లు మూయించి, తెడ్డు కర్ర ఒక కొస ఇంజను అడుగున ఆనించి రెండో కొస చెవికి పెట్టుకున్నాను. మా ఆయన వినే పద్ధతి అది. పైన అంతా బాగానే ఉంది. కింద మాత్రం, తలుపు అవతల ఎవరో మెత్తగా పిడికిలితో తడుతున్నట్టు చప్పుడు. డుబ్, డుబ్, డుబ్. లోపల ఏదో వదులుగా ఉంది ఉనైసీ. చేటంత చెప్పులో చిన్న పాదంలా కొట్టుకుంటోంది. చల్లగా ఉంటే ఆ చప్పుడు లేదు.

సాకియుసాను కూడా వినరా అన్నాను. వినలేదు. వలలు చూసుకోవాలని వెళ్లిపోయాడు. నీ ఉత్తరం వసేవా చదివినప్పుడు కూడా సగంలో లేచి వెళ్లాడు. పడవ పోయిన దిగులు వాడిది. అన్నం కూడా సరిగా తినడం లేదు.

ఇప్పుడు నా మాట. ఓడ వచ్చింది, నా తమ్ముడు రాలేదు. కాగితం వచ్చింది. షెడ్డు నిండా పని ఉందట! అక్క పడవ కన్నా ఎక్కువైన పడవలు ఎవరివే అవి? ఊళ్లో ఆడవాళ్లు నా ముందు మాట్లాడరు, నేను దాటాక మాట్లాడతారు. ఆ బాలింత తల్లి నా గుమ్మం తొక్కడం మానేసింది. నా మనిషి చేసిన పనికి నేను తలవంచుకుని తిరుగుతున్నాను.

కనుక పద్ధతి ప్రకారమే అడుగుతున్నాను. తప్పు చేసినవాడు తిమింగలం దంతం పట్టుకొచ్చి క్షమించమని అడగాలి. వాడు కూడా తేవాలి. రాలేకపోతే ఎవరి చేతనైనా పంపాలి. ఊరి పెద్దల ముందు, నా గుమ్మంలో, అందరూ చూస్తుండగా. అది వచ్చేదాకా నాకు తమ్ముడు లేడు.

తరైవిని

(పెద్దమ్మా, ఈ ఆఖరి మాట తీసేద్దామా అని అడిగాను. రాయమంది. – వసేవా)

*

వాలు బే,
అక్టోబరు.

వదినకు,

ఈసారి నవ్వించే మాటలేమీ రాయలేను.

నీ ఉత్తరం చదివాను. చప్పుడు గురించి చెప్పిన చోట ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు. మళ్లీ చదవమన్నాడు. చేటంత చెప్పులో చిన్న పాదం అన్నావే, అది ఇంకోసారి చదవమన్నాడు. “అక్క చెవి,” అన్నాడు. ఆ తర్వాత పనిబల్ల కింద చూడమన్నాడు. అక్కడ ఒక చిన్న పెట్టె ఉంది. దాని మీద అంటించిన పట్టీ కూడా తెగలేదు. ఒళ్లో పెట్టుకుని దాని మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నాడు.

ఇక ఆయన చెప్పమన్నది:

“అక్కకు చెప్పు. క్రాంకు అరిగి గీతలు పడితే, నున్నగా చేయించడానికి పైన కొంచెం చెక్కించాను. చెక్కిస్తే సన్నబడుతుంది. సన్నబడిన క్రాంకుకు మందం బేరింగులు వెయ్యాలి. అవి బయటి దేశం నుంచి రావాలి. వచ్చేదాకా లోపలికి దుమ్ము పోకుండా పాత బేరింగులతోనే మూసి ఉంచాను. మందమైనవి ఈ పెట్టెలోనే ఉండిపోయాయి, ఇంజను పాతవాటితోనే వెళ్లిపోయింది. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి ఆయిలు ఆ సందును ఎలాగో నింపుతుంది. వేడెక్కి పలచబడితే సందులోంచి కారిపోతుంది. ముల్లు అబద్ధం చెప్పలేదు. అక్కా చెప్పలేదు. ఇది నా మరుపు. వయసు మీద పడింది. సాకియుసా మీద ఒక్క మాట పడకూడదు, వాడికేం తెలియదు.”

పెట్టె పంపుతున్నాను. ఇంజను పక్కనున్న మూత విప్పితే దాన్ని దింపకుండానే మార్చొచ్చట. ఎలా బిగించాలో సాకియుసాకు తెలుసు, నేర్పింది ఆయనే.

దంతం కూడా ఓడ కెప్టెను చేతికి ఇచ్చాం. చూస్తే గుర్తుపడతావు. మీ నాన్నది. షెడ్డులో ఆయన పడుకునే చోట తల పైన వేలాడుతూ ఉండేది.

నాకు రాయాల్సినవి ఇంకా ఉన్నాయి వదినా. ఆయన పక్కనే కూర్చుని కలం వైపు చూస్తున్నాడు.

ఉనైసి

*

మోవాలా,
నవంబరు.

ఉనైసీ,

జరిగింది జరిగినట్టు రాయిస్తున్నాను. మధ్యలో ఆపకుండా చదువు.

కెప్టెను ఓడ దిగి తిన్నగా నా గుమ్మానికే వచ్చాడు. పెద్దలందరినీ పిలిచాను. చాపలు పరిచాను. ఊరంతా చూడాలని తలుపులన్నీ తెరిపించాను. ఆ బాలింత తల్లిని కూడా పిలిపించాను. నేను గెలిచిన రోజు అనుకున్నాను అది.

కెప్టెను చాప అంచున కూర్చుని, తల వంచి, రెండు చేతులా దంతం పట్టుకున్నాడు. మా నాన్న దంతం. ఆ కొబ్బరి నార తాడు పేనింది మా అమ్మ. “ఈ ఇంటి తల్లికి,” అన్నాడు, “ఆమె తమ్ముడు ఎమోసి తన మరుపును ఈ దంతం కింద పూడ్చమని వేడుకుంటున్నాడు.” నేను చెయ్యి చాచాను.

“అమ్మా, ముట్టుకోకు!”

సాకియుసా. పెద్దల మధ్యలోంచి లేచి నిలబడ్డాడు. అలాంటి వేళ ఎవరైనా నిలబడతారా? పెద్దాయన ఒకరు “కూర్చోరా సిగ్గులేనివాడా!” అని కసిరాడు. వాడు కూర్చోలేదు. పడిపోయాడు. కెప్టెను మోకాళ్ల దగ్గర బోర్లా పడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గడ్డం నెరుస్తున్న మనిషి.

“మామ మరవలేదే అమ్మా. పెట్టె వస్తుంది, ఆగు, అవి వేశాకే తీసుకెళ్లు అన్నాడు. సరే మామా అన్నాను. అదే రోజు ఓడ వెళ్లిపోతోంది. మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. షెడ్డుకెళ్లి ఎత్తించుకొచ్చేశాను. అత్త వద్దంది. మేనల్లుడు మేనమామ ఇంట్లో అడిగి తీసుకోవడమేంటత్తా అని నవ్వాను.”

“మీ మామ చూస్తూ ఊరుకున్నాడా?”

“మామ షెడ్డులో లేడు.”

“మరి ఆగమని నీకెక్కడ చెప్పాడ్రా?”

వాడు తలెత్తలేదు. “ఆసుపత్రిలో,” అన్నాడు.

కెప్టెను దంతం పట్టుకున్న చేతులు దించలేదు, నేను చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

“ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు,” అన్నాడు వాడు. “ఆ పాత బేరింగులు కూడా మెరుస్తూనే ఉన్నాయమ్మా. ఏం కాదులే అనుకున్నాను. ముల్లు పడుకున్న రోజు నుంచీ నాకు తెలుసు. నువ్వు మామను తిడుతూ రాయిస్తుంటే గోడ అవతల కూర్చుని విన్నాను.”

మేనల్లుడు మేనమామ పెరట్లో పందిని పట్టుకెళ్లినా, ఒంటి మీది చొక్కా విప్పుకెళ్లినా అడిగే హక్కు మేనమామకు లేదు. ఇంకొకరికి చెప్పుకునే హక్కు కూడా లేదు. ఆ కట్టుబాటు మంచిదనే నేనూ వాణ్ణి పెంచాను. ఆ కట్టుబాటు కోసమే నా తమ్ముడు నోరు మూసుకున్నాడు. మూసుకుని, మా నాన్న దంతం నాకు పంపాడు.

నేను దంతం తీసుకోలేదు. కెప్టెను చేతుల్లోంచి సాకియుసా చేతుల్లో పెట్టించాను. “ఇది ఎవరిదో వాళ్లకు నువ్వే మోసుకెళ్లు,” అన్నాను. నేను నీకు రాయించిన మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. తమ్ముడు లేడన్న మాట ముందు తీసుకుంటున్నాను. కాల్చెయ్ ఆ కాగితం.

బేరింగులు మార్చాం. సాకియుసా పడవ అడుగున బోర్లా పడుకుని చేశాడు, నేను అద్దంతో ఎండను లోపలికి తిప్పుతూ కూర్చున్నాను. పాతవి బయటికి వచ్చాక అరచేతిలో పెట్టి చూశాను. మెరుస్తున్నాయి, నిజమే. వేలితో రాస్తే తెలిసింది, ఒక అంచున గరుకు. ఇంకాస్త తిరిగితే పట్టేసేది. ఆ దిబ్బ సందులోనే మమ్మల్నందర్నీ వదిలేసేది.

కట్టేసి తిప్పించాను. వేడెక్కించాను. వేగం తగ్గించమన్నాను. ముల్లు నిలబడింది. చప్పుడు లేదు.

ఇక నీ సంగతి. ఏం జబ్బు? ఎప్పటి నుంచి? నాకెందుకు చెప్పలేదు? ఒక్క ముక్క దాచినా నిన్ను ఈసారి వసేవా రాయలేని మాటలు అంటాను. గాలి ఎదురుగా ఉంది. తిరగగానే బయలుదేరుతున్నాను.

తరైవిని

*

వాలు బే.

వదినా,

ఆయన నిద్రపోతున్నాడు, అందుకే రాయగలుగుతున్నాను. వేరే దీవులకు వెళ్తున్న పడవను మీ వైపు తిప్పమని బతిమాలి ఇది పంపుతున్నాను.

కడుపులో గడ్డ. నీ ఇంజను విప్పినప్పుడే నొప్పి ఉంది. ఈ ఒక్కటీ పూర్తిచేసి చూపించుకుంటాను అన్నాడు. చూపించుకునేసరికి ఆలస్యమైపోయింది. కోసి, చూసి, కుట్టేసి ఇంటికి పంపేశారు. ఇంట్లో ఉండనంటాడు. షెడ్డులో, నీ ఇంజను ఉన్న చోటే, చాప వేయించుకున్నాడు. డీజిలు వాసన లేకపోతే నిద్ర పట్టదట.

నీకు చెబుతానని ఎన్నిసార్లు పోట్లాడానో. “చెబితే అక్క ఆగుతుందా?” అన్నాడు. “ఓడ వచ్చేదాకా ఆగే మనిషి కాదు. ఆ పడవే ఎక్కుతుంది. ఆ ఇంజనుతోనే సముద్రం దాటుతుంది. ముల్లు నిలబడిందని ఉత్తరం వచ్చేదాకా చెప్పొద్దు.” అందుకు దాచాం వదినా. నువ్వు తిట్టిన తిట్లన్నీ తింటూ దాచాం.

నీ ఉత్తరం వచ్చింది. పట్టీ తెగని ఆ పెట్టె చూసేదాకా, అందులోవి వేశాకే వాడు ఇంజను తీసుకెళ్లాడని ఆయన నమ్మాడు. సాకియుసా మాట వచ్చిన చోట కళ్లు మూసుకున్నాడు. “పాపం, పిల్లాడు,” అన్నాడు. ముల్లు నిలబడిందన్న చోట తెరిచాడు. “కట్టేసి తిప్పితే చాలదు. సముద్రంలో బరువు మీద చూడాలి,” అన్నాడు.

ఇప్పుడు ఏం తినడం లేదు. మాడిన చేమదుంప కూడా.

గాలి కోసం చూడకు. రా.

ఉనైసి

*

మోవాలా,
ఏప్రిల్.

ఉనైసీ, ఇది నీకు కాదు. నిజంగానే కాదు. సమాధి దగ్గరికి తీసుకెళ్లి, పూలు సర్ది, పక్కన కూర్చుని గట్టిగా చదువు.

తమ్ముడూ ఎమోసీ,

పోయినవాళ్లకు కట్టుబాటు ఉంటుందో ఉండదో నేను పాస్టరుగారిని అడగలేదు. అడిగితే ఉందంటాడేమోనని. నీతో నేరుగా ఆఖరిసారి మాట్లాడింది మన చిన్న పడవలో. తెడ్డు తలకిందులుగా పట్టుకున్నావని తిట్టాను. ఇంటికొచ్చాక అమ్మ, “మీరిద్దరూ పెద్దవాళ్లయ్యారు, ఇక చాలు,” అంది. ఆ తిట్టే ఆఖరిదవుతుందని తెలిస్తే ఇంకో మాట అని ఉండేదాన్ని.

ఉనైసి ఉత్తరం అందిన రోజునే బయలుదేరాం. గాలి ఎదురే. దారి పొడుగునా నేను పైకి రాలేదు. ఇంజను పక్కన, గేజి ముందు కూర్చున్నాను. దానిమీద అంకెలు నాకు రావు. ముల్లు ఎక్కడుంటే బాగున్నట్టో అక్కడ సాకియుసాతో బొగ్గుగీత పెట్టించుకున్నాను. అల మీదికెక్కినప్పుడు, అల దిగినప్పుడు, సువా రేవులో వేగం తగ్గించినప్పుడు, అన్నిసార్లూ చూశాను. నీకు చెప్పాలి కదా. నిద్ర వస్తే చెయ్యి కాలే గొట్టం మీద పెట్టుకున్నాను. మచ్చ ఇంకా ఉంది.

షెడ్డులోకి వచ్చాను. నిన్ను ఒక్కసారి చూశాను. ఆ తర్వాత నీకు వీపు తిప్పి, నీ కాళ్ల దగ్గర కూర్చున్నాను. అంత దూరం వచ్చి కూడా నోరు రాలేదు. ఉనైసి మధ్యలో కూర్చుంది. నేను గోడ వైపు చూస్తూ అన్నాను, “ఉనైసీ, చెప్పు. ముల్లు నిలబడింది.”

నువ్వు ఏదో అన్నావు. నీ గొంతు అంత దగ్గరగా విని ఎన్నేళ్లయింది. నాన్న గొంతులా ఉంది. ఉనైసి నాకు చెప్పింది, “వేడెక్కాక?” అని అడుగుతున్నాడని.

నాకు వినిపించింది తమ్ముడూ. ఉనైసి చెప్పక ముందే వినిపించింది.

“వేడెక్కాక కూడా,” అన్నాను. “సముద్రంలో, బరువు మీద, వేగం తగ్గించినప్పుడు కూడా.”

నువ్వు నవ్వావని ఉనైసి అంది. నేను చూడలేదు.

సాకియుసా దంతం పట్టుకుని మోకాళ్ల మీద నీ దగ్గరికి వచ్చాడు. నువ్వు వేళ్లతో దంతాన్ని తాకి, అక్కడితో ఆగకుండా వాడి గోళ్ల కింద ఆయిలు మరకను తడిమి చూశావట. బాగా కడుక్కోలేదని తిట్టావట కూడా. తెల్లవారేసరికి వెళ్లిపోయావు. అదే దంతం నీ గుండెల మీద పెట్టి పంపాం.

నిన్ను ఇంటికి తెద్దామని ఉనైసిని అడిగాను. షెడ్డుకు దగ్గరగా ఉండాలని నువ్వే చెప్పావంది. ఉండు మరి. లోలోమా నిన్ను మోయలేదన్న ఒక్క కోపం నాకుంది. దాన్ని బాగుచేసినవాడివి, దానిలో ఒక్కసారీ ఎక్కలేదు నువ్వు.

సాకియుసా ఇప్పుడు ఏ ఊరివాళ్లు ఇంజను తెచ్చినా విప్పుతున్నాడు. ఎవరైనా తొందరపెడితే పని ఆపి, చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు. మెరిసినవన్నీ వేలితో రాసి చూస్తున్నాడు. పాత బేరింగులు మా గుమ్మానికి కట్టాడు. గాలికి చప్పుడవుతాయి. తియ్యమన్నాను, తియ్యలేదు.

తుఫాను నెలలు దాటాయి. పడవ రోజూ దిబ్బ దాటి వెళ్తోంది. ఇసుకలో పుట్టిన బిడ్డను నిన్న అదే పడవలో ఆసుపత్రికి తీసుకెళ్లి టీకా వేయించారు. నేనూ వెళ్లాను, గేజి ముందు కూర్చున్నాను. అందరూ నవ్వుతారు, ముసలిదానికి వేరే చోటే లేదా అని. నవ్వనీ. రేపు నువ్వు అడిగితే ఎవరు చెబుతారు?

నిలబడింది తమ్ముడూ. వేడెక్కాక కూడా.

అక్క